రిపబ్లిక్ డే విందుకు తాలిబన్ ప్రతినిధి.. ప్రజాస్వామ్యంపై భారత్ లెక్కేంటి?

జనవరి 26 అంటే మనకు ఢిల్లీలో పరేడ్, శకటాలు, చీఫ్ గెస్ట్ ఎవరన్న చర్చ. అదే రోజు విదేశాల్లోని భారత ఎంబసీల్లోనూ వేడుక ఉంటుంది. పొద్దున్నే రాయబారి జెండా ఎగరేస్తారు. ముందు రోజు సాయంత్రం రాష్ట్రపతి చేసిన ప్రసంగాన్ని చదివి వినిపిస్తారు. దేశభక్తి పాటలు, పిల్లల డ్యాన్సులు, చివర్లో టిఫిన్లు. గల్ఫ్‌లో అయితే ఆ జనంలో తెలుగువాళ్లు గట్టిగానే కనిపిస్తారు.

ఇది మనవాళ్ల కోసం జరిగే పండగ. దౌత్యం మొదలయ్యేది రిసెప్షన్‌లో. ఆ దేశ మంత్రులు, అధికారులు, మిగతా దేశాల రాయబారులకు ఆహ్వానాలు వెళ్తాయి. ఎవరిని పిలిచారు, ఎవరు వచ్చారు.. అన్నీ మెసేజ్‌లే.

2024 జనవరిలో ఇదే పెద్ద చర్చకు దారితీసింది. అబుదాబిలోని భారత ఎంబసీ రిపబ్లిక్ డే విందుకు తాలిబన్ ప్రతినిధికి ఆహ్వానం వెళ్లిందన్న వార్త బయటికొచ్చింది. ప్రోటోకాల్ ప్రకారం అక్కడి దౌత్య కార్యాలయాలన్నిటికీ పంపినట్టే పంపామన్నది ఢిల్లీ వర్గాల వివరణ. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు వేడుకకు, ఎన్నికలే లేని పాలన తరఫు అతిథి! వినడానికి వింతగానే ఉంది.

అసలు ప్రజాస్వామ్యం విషయంలో బయటి దేశాలకు భారత్ ఏం చేస్తుంది? అమెరికాలా లెక్చర్లు ఇవ్వదు. అడిగితే సాయం చేస్తుంది. 2008లో భూటాన్ తొలిసారి పార్లమెంటు ఎన్నికలకు వెళ్లినప్పుడు వాడింది భారత్‌లో తయారైన ఈవీఎంలే. 2014లో నమీబియా కూడా మన మెషీన్లతోనే ఓటింగ్ జరిపింది. ఈవీఎంలు తయారు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి బెంగళూరు బీఈఎల్ అయితే, రెండోది మన హైదరాబాద్ ఈసీఐఎల్. వేలికి పెట్టే సిరా మైసూరు నుంచి ఎన్నో దేశాలకు వెళ్తుంది. విదేశీ ఎన్నికల అధికారులకు మన ఎన్నికల సంఘం ట్రైనింగ్ కూడా ఇస్తుంది. 2005లో ఐక్యరాజ్యసమితి డెమోక్రసీ ఫండ్ మొదలైనప్పుడు కోటి డాలర్లు ఇస్తామని ముందుకొచ్చింది కూడా భారతే. హెడ్‌లైన్స్‌కి ఎక్కని సాయం ఇది. నిజంగా పనికొచ్చిన సాయం కూడా.

చిక్కంతా అడిగే ప్రభుత్వమే లేనప్పుడు వస్తుంది.

కాబూల్‌నే చూడండి. అఫ్గాన్ పార్లమెంటు భవనాన్ని కట్టించి ఇచ్చింది భారత్. ఖర్చు సుమారు 9 కోట్ల డాలర్లు. 2015 డిసెంబర్ 25న ప్రధాని మోదీ వెళ్లి ప్రారంభించారు. అందులో ఒక బ్లాక్‌కు అటల్ బిహారీ వాజ్‌పేయీ పేరు పెట్టారు. ఆరేళ్లు తిరక్కుండానే తాలిబన్లు కాబూల్‌లోకి వచ్చేశారు. ఆ రోజు 2021 ఆగస్టు 15.. మన స్వాతంత్ర్య దినం! ఎన్నికైన ఎంపీలు కూర్చోవడానికి కట్టిన భవనం ఉంది, ఎంపీలే లేరు. ఆడపిల్లలకు ఆరో తరగతి దాటాక చదువే లేదు.

మయన్మార్‌దీ దాదాపు ఇదే కథ. అక్కడ సైన్యం 2021 ఫిబ్రవరి 1న అధికారం లాక్కుంది. మార్చి 27న అక్కడి సైనిక దినోత్సవ పరేడ్‌కు ప్రతినిధిని పంపిన ఎనిమిది దేశాల్లో భారత్ ఒకటి. సరిగ్గా అదే రోజు అక్కడి వీధుల్లో వంద మందికి పైగా నిరసనకారులు చనిపోయారు. ఆ జూన్‌లో ఐరాస జనరల్ అసెంబ్లీలో సైన్యాన్ని తప్పుబడుతూ తీర్మానం పెడితే, భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది.

ఢిల్లీ వాదనలో బలం లేదని కాదు. మయన్మార్‌తో 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. ఈశాన్యంలోని సాయుధ గ్రూపులు అటు ఇటు తిరుగుతుంటాయి. మనం తలుపు మూస్తే చైనా లోపలికి వెళ్లి కూర్చుంటుంది. అఫ్గాన్‌లో పాకిస్తాన్ ఫ్యాక్టర్ ఎలాగూ ఉంది. పైగా ఆతిథ్య దేశ అంతర్గత వ్యవహారాల్లో దౌత్యవేత్తలు తలదూర్చకూడదని 1961 వియన్నా ఒప్పందమే చెబుతోంది.

మాట్లాడటం తప్పు కాదు. పిలవడమూ తప్పు కాదు. కానీ ఏం అడిగామన్నదే ప్రశ్న. 2025 అక్టోబర్‌లో తాలిబన్ విదేశాంగ మంత్రి ముత్తఖీ ఢిల్లీ వచ్చారు. అఫ్గాన్ ఎంబసీలో ఆయన పెట్టిన ప్రెస్‌మీట్‌లో మహిళా జర్నలిస్టులే కనిపించలేదు. మన రాజధానిలో! ఆ ప్రెస్‌మీట్‌తో తమకు సంబంధం లేదని మన విదేశాంగ శాఖ చెప్పింది. ఒత్తిడి వచ్చింది మీడియా నుంచి, ప్రతిపక్షాల నుంచి. రెండు రోజుల్లో మహిళలను కూడా పిలిచి ఇంకో ప్రెస్‌మీట్ పెట్టాల్సి వచ్చింది. అంటే గట్టిగా అడిగితే తాలిబన్లు కూడా కొంత తగ్గుతారన్నమాట. ఆ పని ఢిల్లీ అధికారికంగా చేసి ఉంటే ఇంకేమైనా సాధ్యమయ్యేదేమో.

అదే పర్యటనలో కాబూల్‌లోని టెక్నికల్ మిషన్‌ను మళ్లీ పూర్తి స్థాయి ఎంబసీ చేస్తున్నట్టు విదేశాంగ మంత్రి జైశంకర్ ప్రకటించారు. పూర్తి స్థాయి ఎంబసీ అంటే అక్కడా జనవరి 26న జెండా, రాష్ట్రపతి ప్రసంగం, అతిథుల లిస్టు. ఆ లిస్టులో అఫ్గాన్ మహిళల పేర్లు ఎన్ని ఉంటాయో చూడాలి.