కార్డు ఎవరి బీరువాలో ఉంది?

ఉచిత వైద్యం గురించి చర్చ ఎప్పుడు మొదలైనా రెండు లెక్కల దగ్గరే ఆగిపోతోంది: ఎన్ని లక్షల దాకా ఇస్తారు, ఎన్ని జబ్బులకు ఇస్తారు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెంచారు. పెంచడం మంచిదే. అయితే ఆ లక్షలు ఎవరి పేరున ఉన్నాయి? మనిషి పేరున లేవు. కుటుంబం పేరున ఉన్నాయి. స్త్రీలకు సంబంధించినంతవరకు అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకం మొదలైనప్పుడు అర్హతకు గుర్తుగా తెల్ల రేషన్ కార్డును తీసుకున్నారు. బియ్యం, కిరసనాయిలు పంచడానికి పుట్టిన కాగితం అది. ఒక పొయ్యి, ఒక కుటుంబం, ఒక కార్డు. బియ్యానికి ఆ లెక్క సరిపోతుందేమో. (సరిపోదని ఇంట్లో అందరికన్నా చివర తినే వాళ్లకు తెలుసు, ఆ సంగతి మరోసారి.) జబ్బు మాత్రం కుటుంబానికి రాదు, మనిషికి వస్తుంది.

ఒంటరి స్త్రీల జీవితాలపై పరిశోధన చేస్తున్న రోజుల్లో పాలమూరు వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకామెను కలిశాను. ముప్ఫై అయిదేళ్లుంటాయి. గర్భసంచి జారి నాలుగేళ్లుగా బాధపడుతోంది. భర్త ఇంకొకామెను తెచ్చుకుంటే తల్లిగారింటికి వచ్చేసింది. ఆపరేషన్ చేయబోమని ఆమెతో ఎవరూ అనలేదు. కార్డు తెచ్చుకోమన్నారు, అంతే. ఆరోగ్యశ్రీ కింద చేసిన ఆపరేషన్‌కు ప్రభుత్వ ఆసుపత్రికి కూడా డబ్బు జమ అవుతుంది కనుక కౌంటర్ దగ్గర కార్డు మాట ముందు వస్తుంది. ఆమె జవాబును నోట్‌బుక్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను: "నా పేరు అత్తగారోళ్ల కార్డుల ఉన్నది మేడం. కార్డేమో వాళ్ల బీరువల ఉన్నది."

పెళ్లి కాగానే తల్లిగారి కార్డులో ఆమె పేరు కొట్టేశారు. అత్తగారి కార్డులో నుంచి తీయించుకోవాలంటే ఆ ఇంటివాళ్లు కదలాలని చెప్పారు. కొత్త కార్డు అడుగుదామంటే తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త కార్డుల ఊసే లేదు. 2021లో ఒక విడత ఇచ్చారు, మళ్లీ 2025లోనే పంపిణీ మొదలైంది. ఆ మధ్యకాలంలో కాపురానికి వచ్చిన కోడళ్లు, కాపురం నుంచి వెళ్లగొట్టబడ్డవాళ్లు ఏ కార్డులో ఉన్నట్టు?

ఆమె పేదరాలు కాదని ఎవరూ అనలేదు. అసలు ఆమె పేదరికాన్ని ఎవరూ కొలవలేదు. ఆమె ఎవరి ఇంటి మనిషి అన్నదే చూశారు. ఆదాయ పరిమితి సంగతీ ఇంతే. తెలంగాణలో ఆహారభద్రత కార్డుకు ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఎవరి ఆదాయం? కుటుంబానిది. భర్త జీతంలో పైసా ఆమె చేతికి రాకపోయినా, ఆమెను అనర్హురాలిని చేయడానికి ఆ జీతం చాలు. 2013 ఆహారభద్రత చట్టం ఇంట్లో 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దామెను కార్డు మీద ఇంటి యజమానిగా రాయమంది. మనమంతా సంతోషించాం. చాలా ఇళ్లలో ఆ పెద్దామె అత్తగారు. గెంటివేయబడ్డ కోడలికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కార్డు లేనివాళ్లకు వేరే దారి లేదా అంటే ఉంది. ఎమ్మెల్యే దగ్గర సిఫారసు ఉత్తరం తీసుకుని ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ తెచ్చుకోవాలి. దానికి తిరిగే మనిషి ఉండాలి, బస్సు చార్జీలుండాలి, నాయకుడి గుమ్మం తెలిసుండాలి. ఒంటరి స్త్రీ దగ్గర ఉండనివి సరిగ్గా ఇవే. పైగా అలా దొరికిన వైద్యం హక్కు కాదు, నాయకుడు చేసిన మేలు. వచ్చే ఎన్నికలదాకా గుర్తుంచుకోవాల్సిన మేలు.

షరతులు తీసేస్తే డబ్బున్నవాళ్లు కూడా వాడుకుంటారని అధికారులు అంటారు. 2011 జూన్‌లో జననీ శిశు సురక్షా కార్యక్రమం వచ్చాక ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకు వచ్చిన ఏ స్త్రీకైనా మందులు, పరీక్షలు, సిజేరియన్ ఉచితం. ఆదాయం అడగరు. దానివల్ల ఖజానా దివాలా తీయలేదు. కనేటప్పుడు అడగని కార్డు, కని కని గర్భసంచి జారినప్పుడు ఎందుకు అడుగుతారు? 2024 అక్టోబరులో కేంద్రం 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్‌ను ఆదాయంతో నిమిత్తం లేకుండా ఇచ్చింది. అంటే ఆదాయ పరీక్షను తీసేయడం ప్రభుత్వాలకు చేతకానిదేమీ కాదు. డబ్బు కట్టలేకపోవడం వల్ల ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లోనే భోర్ కమిటీ చెప్పింది.

ఆదాయం పట్టింపు ఒక్కటి పోయినంతమాత్రాన సరిపోదు. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆదాయంతో నిమిత్తం లేకుండా అందరికీ ఆరోగ్య బీమా విధానాన్ని ఆమోదించింది. అక్కడా లెక్క కుటుంబానిదే. 2024 అక్టోబరులో తెలంగాణలో ప్రయోగాత్మకంగా సర్వే చేసిన డిజిటల్ కార్డూ కుటుంబానిదే. కాగితం పోయి కంప్యూటర్ వచ్చినా పేరు తీయడం, చేర్చడం ఇంటి పెద్దల చేతుల్లోనే ఉంటే బీరువా మారింది, అంతే.

పుట్టిన ప్రతి మనిషికీ సొంతంగా అర్హత ఉండాలి. పెళ్లితో అది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి బదిలీ కాకూడదు. వివరాలు సరిచూసుకోవడం ఆఫీసు పని. అది వైద్యం మొదలయ్యాక జరగాలి, మంచం ఇవ్వడానికి ముందు కాదు. ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి, సమయం పట్టేవి. ఈలోగా మన సంఘాలు చేయగలిగింది ఒకటుంది. తన నిర్ణయానికి కారణాలను బాధితులకు తెలియజేయాలని 2005 సమాచార హక్కు చట్టం 4(1)(డి) ప్రతి ప్రభుత్వ కార్యాలయాన్నీ ఆదేశిస్తోంది. కౌంటర్ దగ్గర "కార్డు లేదు, పో" అన్నప్పుడు ఆ మాట కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇమ్మని అడుగుదాం. ఆసుపత్రికి ఎవరికైనా తోడు వెళ్లినప్పుడు ఈ సెక్షన్ నంబరు రాసిన చీటీ వెంట ఉంచుకోండి. ఇచ్చిన జవాబుల నకళ్లు, ఇవ్వకపోతే ఆ విషయం రాసి పత్రికకు పంపండి.