కొనేది ఎప్పుడో చెప్పి తాళం అడుగుదాం

బండి కొనేంత డబ్బు ఇంకా చేతికి రాలేదు. కానీ ఏ బండి కొనాలో తేల్చుకోవాలి. అలాంటి మనిషి షోరూంకి వెళ్లి టెస్ట్ రైడ్ అడగవచ్చా? దీనికి మన దగ్గర రెండు జవాబులు వినిపిస్తాయి. డబ్బు పట్టుకుని వచ్చినవాడే తాళం ముట్టుకోవాలనేది ఒకటి. కంపెనీ పెట్టిన సదుపాయమే కదా, ఎవరైనా ఎన్నిసార్లయినా నడపవచ్చనేది రెండోది. నా దృష్టిలో రెండూ సరికావు. కొనడానికి సిద్ధం కాకముందు ట్రయల్ వేయడం తప్పు కాదు. మధ్యతరగతి ఇంటికైతే అది చాలా అవసరం కూడా. తప్పల్లా అబద్ధం చెప్పి నడపడంలోనే ఉంది. ‘ఈ వారమే బుక్ చేస్తాను’ అన్న ఒక్క మాటతో నష్టపోయేది ఎదురుగా నిలబడ్డ సేల్స్ కుర్రాడొక్కడే కాదు, రేపు అదే షోరూం మెట్లెక్కబోయే నిజాయితీపరుడు కూడా.

ముందు ఈ అవసరం సంగతి చూద్దాం. 2024-25 ఆర్థిక సంవత్సరంలో మన దేశంలో 1.96 కోట్ల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. చాలా కుటుంబాలు పెట్టే పెద్ద ఖర్చుల్లో ఇదొకటి, అదీ ఎక్కువగా వాయిదాల మీద. చీరో చెప్పులో అయితే నచ్చకపోతే దుకాణంలో మార్చుకోవచ్చు. బండికి ఆ వీలు లేదు. రిజిస్ట్రేషన్ అయిన క్షణం నుంచి అది సెకండ్ హ్యాండ్ బండే. కట్టిన లైఫ్ ట్యాక్స్ పోయినట్టే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి కనుక ఆ సొమ్మూ ముందే చేయి దాటుతుంది. ఇంత గట్టి ముడి వేసుకునే ముందు పది నిమిషాలు నడిపి చూడటం అతి జాగ్రత్త ఎలా అవుతుంది? కాగితం మీది లెక్కలు కొంతే చెబుతాయి. స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు, క్లాసిక్ 350 బరువు 195 కిలోలు అని చదవడం ఒకటి, వాలుగా ఉన్న గల్లీలో ఆ రెండో బండిని కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి తీయడం మరొకటి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనుతాయా, సిగ్నళ్ల మధ్య క్లచ్ పట్టీ పట్టీ ఎడమ చేయి గుంజుతుందా, ఒక వేగం దాటాక హ్యాండిల్ వణుకుతుందా, చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే అమ్మకు వెనక పట్టు దొరుకుతుందా అన్నవి యూట్యూబ్ రివ్యూలో తేలవు. అక్కడ నడిపే మనిషి ఎత్తు వేరు, రోడ్డు వేరు, వెనక కూర్చునేవాళ్లు అసలే ఉండరు.

ఇక కొనేవాడు ఎప్పుడు సిద్ధమవుతాడన్న సంగతి. మన ఇళ్లలో బండి ఏదో తేల్చుకునే రోజూ, డబ్బు కట్టే రోజూ ఒకటి కావడం అరుదు. ఆషాఢంలో కొనరు, మూఢంలో కొనరు, మంచి రోజు చూసుకుంటారు. దసరాకో ఉగాదికో బండి ఇంటికి రావాలని నెలల ముందే అనుకుంటారు. పత్తి అమ్మితేనో వడ్ల డబ్బు ఖాతాలో పడితేనో రైతు చేతిలో సొమ్ము ఆడుతుంది. పట్నంలో చిరుద్యోగి చిట్టీ పాట కోసమో పండగ బోనస్ కోసమో ఎదురుచూస్తాడు. ప్రభుత్వ నిర్ణయాలూ కొనుగోళ్లను జరుపుతుంటాయి. 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది 2025 సెప్టెంబరు 22న. తగ్గబోతోందన్న మాట ఆగస్టు 15నే వచ్చేసింది. ఆ ఐదు వారాల్లో షోరూంకి వెళ్లి నడిపి చూసి, ధర దిగాక కొందామని ఆగినవాళ్లు ఎవరినీ మోసం చేయలేదు. వాళ్లు చేసింది సంసారం నడిపేవాళ్లు చేయాల్సిన పనే. నిజానికి కొనే రోజుకు ముందు ఎంత వ్యవధి ఉంటే ట్రయల్ అంత పనికొస్తుంది. డౌన్ పేమెంట్ జేబులో పెట్టుకుని, ముహూర్తం రేపనగా నడిపిన బండిలో లోపం కనపడినా వద్దనే ధైర్యం చాలామందికి ఉండదు.

చట్టం కూడా ఇక్కడ ఉదారంగానే ఉంది. రిజిస్టర్ కాని బండిని డీలరు రోడ్డెక్కించేది ట్రేడ్ సర్టిఫికెట్ కింద. దాన్ని ఏయే పనులకు వాడవచ్చో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 41వ నిబంధన చెబుతుంది. కొనే ఉద్దేశమున్న మనిషి సమంజసమైన మేరకు నడిపి చూడటం అందులో ఒకటి. అడ్వాన్సు కట్టి ఉండాలని గానీ లోన్ మంజూరై ఉండాలని గానీ అక్కడ షరతు లేదు. కొనే ఉద్దేశం ఉండాలి, నడపడం సమంజసంగా ఉండాలి. మర్యాదకు కూడా ఈ రెండు కొలతలే సరిపోతాయని నేను అనుకుంటాను. ఆరు నెలల తరువాత కొనేవాడికి ఉద్దేశం ఉన్నట్టే. ఎప్పటికీ కొనను, రీల్ తీసుకుని పోతాను అనుకునేవాడికి లేనట్టే.

మరి అబద్ధంతో అంత నష్టమేమిటి? షోరూం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే అర్థమవుతుంది. తలుపు తోసుకుని వచ్చిన ప్రతి మనిషినీ ఎంక్వైరీగా రాసుకుంటారు. వెంటనే కొనేవాళ్లు హాట్, కొంచెం ఆగేవాళ్లు వార్మ్, ఎప్పుడో కొనేవాళ్లు కోల్డ్ అని విడదీస్తారు. సేల్స్ ఎగ్జిక్యూటివ్ జీతం చిన్నది. నెల తిరిగేసరికి ఇన్ని బండ్లు అమ్మాలన్న టార్గెట్ మీదే అతని ఇన్సెంటివ్ ఆధారపడుతుంది. ‘శుక్రవారం బుక్ చేస్తా’ అని చెప్పి వెళ్లిన మనిషి పేరు హాట్ కింద చేరుతుంది. శుక్రవారం దాటాక మేనేజరు నిలదీసేది ఆ కుర్రాణ్ణే. అతను పదేపదే ఫోన్ చేస్తాడు, ఇవతలివారు ఎత్తరు, చివరికి నంబరు బ్లాక్ చేస్తారు. ఇలాంటివి నాలుగైదు జరిగాక ఆ కుర్రాడు మనుషులను ముఖం చూసి అంచనా వేయడం మొదలుపెడతాడు. కాలేజీ పిల్లవాడు తాళం అడిగితే డెమో బండి సర్వీసుకి వెళ్లిందంటాడు. పంచె కట్టుకుని వచ్చిన రైతుకు బ్రోచర్ చేతిలో పెట్టి పంపేస్తాడు. ఒంటరిగా వచ్చిన మహిళను ఇంట్లో మగవాళ్లను తీసుకురమ్మంటాడు. ఇది అన్యాయం, అందులో సందేహం లేదు. అయితే ఈ అన్యాయానికి ఎరువు వేసినవాళ్లలో సరదాకి అబద్ధమాడి నడిపిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు పోయేదేమీ లేదు. రూపాయి రూపాయి కూడబెట్టుకుని, నడిపి చూడటం అందరికన్నా ఎక్కువ అవసరమైన మనిషికే తాళం దొరకకుండా పోతుంది.

నిజం చెబితే అసలు బండే ఇవ్వరు కదా అని చాలామంది అంటారు. ఈ మాటలో పస లేకపోలేదు. కొన్ని షోరూముల్లో ‘ఇప్పుడే కాదు’ అనగానే ముఖం తిప్పుకుంటారు. కానీ ఆ నిజాన్ని ఎలా చెబుతామన్నది ముఖ్యం. ‘ఊరికే చూద్దామని వచ్చాను’ అంటే ఎదుటివారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ‘దసరాకి తీసుకుందామనుకుంటున్నాను, ఈ రెండు బండ్ల మధ్య తేల్చుకోవాలి, మీకు ఖాళీగా ఉన్న రోజు చెబితే వస్తాను’ అంటే పనికొచ్చే సమాచారం ఇచ్చినట్టు. అనుభవమున్న ఎగ్జిక్యూటివ్‌కు తేదీ తెలిసిన కోల్డ్ ఎంక్వైరీ, తేదీ అబద్ధమైన హాట్ ఎంక్వైరీ కన్నా విలువైనది. ఆ నెల వచ్చేవరకు ఫోన్ చేయనక్కర్లేదు, వచ్చాక చేస్తే పని జరుగుతుంది. వెళ్లే సమయం ఎంచుకోవడం కూడా మర్యాదలో భాగమే. విజయదశమి రోజున, ధన్‌తేరస్ సాయంత్రం షోరూం నిండా డెలివరీలు, పూజలు, నిమ్మకాయలు తొక్కించే హడావిడి ఉంటుంది. ఆ రోజుల్లో మూడు నెలల తరువాత కొనబోయే బండికి ట్రయల్ అడగడం తగదు. ఆషాఢంలో, పనిదినాల్లో, పొద్దున పదకొండు ప్రాంతంలో అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అన్నీ సవ్యంగా చెప్పినా ఇవ్వకపోతే మరో డీలరు దగ్గరికి వెళ్లడమే దారి. ఒకరి మొండితనం మన అబద్ధానికి లైసెన్సు కాదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. డెమో బండి కంపెనీ వ్యాపార ఖర్చు, అది మన ధరలోనే కలిసి ఉంటుంది, అలాంటప్పుడు మనం ఎవరికి ఏం బాకీ అని అడుగుతారు. ఖర్చు ధరలో కలుస్తుందన్న మాట నిజమే. అందుకే దాన్ని వృథా చేస్తే ఆ భారం కంపెనీ మీద ఆగదు, కొనేవాళ్ల మీదే పడుతుంది. డెమో బండిని రోజుకు ఎందరో నడుపుతారు. ఇంజిన్ కుదురుకోకముందే నాలుగో గేరులో గొంతు చించుకునేలా అరిపించేవాళ్లు, ముందు చక్రం లేపేవాళ్లు, పెట్రోలు సూచిక కింద పడేదాకా తిప్పేవాళ్లు ఒకరిద్దరున్నా చాలు. తరువాత వచ్చినవాడికి బండి అసలు తీరు తెలియదు. జారిపోతున్న క్లచ్చే ఆ మోడల్ స్వభావం అనుకుని మంచి బండిని వద్దనుకుంటాడు. అలా తిప్పే సరదా ఉన్నవాళ్లను నేను తప్పుపట్టడం లేదు, ఆ సరదా తీర్చుకునే చోటు వేరే ఉంది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలతో తిరిగే అద్దె బండ్లు హైదరాబాద్‌లో, విశాఖలో దొరుకుతున్నాయి. ఒక రోజు అద్దె కట్టి అరకు ఘాటు ఎక్కినా, అనంతగిరి కొండలకు వెళ్లినా అడిగేవాళ్లు లేరు. షోరూం చుట్టూ రెండు కిలోమీటర్ల రైడ్ కన్నా దానితో బండి సంగతి బాగా తెలుస్తుంది కూడా.

నడిపేటప్పటి పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు గానీ లైసెన్సు, హెల్మెట్ దగ్గర ఆగక తప్పదు. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. అలవాటు లేని బరువు, అలవాటు లేని బ్రేకు, పక్కన ఎవరో చూస్తున్నారన్న ఉత్సాహం కలిసే సందర్భం టెస్ట్ రైడ్. గేరు లేని బండి లైసెన్సుతో గేరు బండి అడగకూడదు. లైసెన్సు లేనివారికి బండి ఇస్తే ఇచ్చినవారికీ 5,000 రూపాయల జరిమానా ఉంది. మైనరు చేతికిస్తే 2019 సవరణ తరువాత సంరక్షకుడికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల దాకా జైలు కూడా పడవచ్చు. పదిహేడేళ్ల కొడుకును వెంటబెట్టుకెళ్లి ‘మావాడు బాగా నడుపుతాడు, ఒక రౌండ్ ఇవ్వండి’ అని అడిగే తండ్రి, కొడుకు ప్రాణాన్నీ డీలరు బతుకునూ ఒకేసారి పణంగా పెడుతున్నాడు. మన తలకు సరిపోయే హెల్మెట్ మనమే తీసుకెళ్లాలి. ఎక్కడిదాకా వెళ్లి రావాలో, పడితే ఎవరు భరిస్తారో తాళం తీసుకోకముందే అడగాలి. సంతకం పెట్టమన్న కాగితం చదివి పెట్టాలి. బండి పడి ఇండికేటర్ విరిగితే తిరిగొచ్చి మొదట మనమే చెప్పాలి.

ఇంతవరకు చెప్పింది షోరూం సంగతి. పాత బండి అమ్మే వ్యక్తి విషయంలో నా అభిప్రాయం పూర్తిగా వేరు. అక్కడ డబ్బు సిద్ధం కానిదే ట్రయల్ అడగకూడదు. ఆ మనిషి వ్యాపారి కాదు. ఉద్యోగానికి పూట సెలవు పెట్టుకుని, ఇంటి ముందు నిలబడి, ముక్కూ మొహం తెలియనివారి చేతికి తన సొంత ఆస్తి ఇస్తున్నాడు. ట్రయల్ పేరుతో బండి తీసుకుని ఉడాయించిన కేసులు మన పోలీసు స్టేషన్లకు కొత్త కావు కనుక అతని భయమూ న్యాయమైనదే. ముందు కాగితాలు చూసి, ధర మీద ఒక మాటకు వచ్చి, మన బండో గుర్తింపు కార్డో అతని దగ్గర ఉంచి, నచ్చితే ఆ రోజే బయానా ఇవ్వగలిగితేనే తాళం అడగాలి. ఆ మోడల్ మనకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి అతని బండిని వాడుకోవడం అన్యాయం.

నడిపాక మిగిలే బాధ్యత చిన్నదే, అయినా ఎక్కువమంది ఎగ్గొట్టేది దాన్నే. వేరే బండి తీసుకుంటే ట్రయల్ ఇచ్చిన కుర్రాడికి ఒక్క మెసేజ్ పెట్టండి, అతను మీ పేరు కొట్టేసి ఇంకొకరి పని చూసుకుంటాడు. అదే మోడల్ వేరే డీలరు దగ్గర వెయ్యి తక్కువకు వస్తుంటే, మొదటివారికి ఆ మాట చెప్పి ఒక అవకాశం ఇవ్వండి. డీలర్లూ తమ వంతు పని చేయాలి. కొనేది ఎప్పుడో చెప్పిన మనిషికి ఆ నెల వచ్చేదాకా ఫోన్ చేయకూడదు. బట్టలు చూసి, వయసు చూసి, ఆడా మగా చూసి తాళం దాచకూడదు. లైసెన్సు, హెల్మెట్ తెచ్చుకున్న ఎవరికైనా ఫలానా రోజుల్లో, ఫలానా వేళల్లో పది నిమిషాల ట్రయల్ ఇస్తామని, అడ్వాన్సు అక్కర్లేదని, ప్రతి షోరూం ముందూ తెలుగులో ఒక బోర్డు పెట్టాలి.