ఫారంతో పాటు బాధ్యత కూడా ఆన్‌లైన్‌కు రావాలి

2023 డిసెంబరు 28 నుంచి పది రోజుల పాటు జరిగిన ప్రజాపాలన కార్యక్రమంలో తెలంగాణ ప్రజలు 1.25 కోట్ల దాకా దరఖాస్తులు ఇచ్చారు. అన్నీ కాగితాలే. జనం లైన్లలో నిలబడి, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు జతచేసి ఇచ్చిన ఆ ఫారాలను తర్వాత ఆపరేటర్లు ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించాల్సి వచ్చింది. ఆ హడావుడిలోనే నింపిన ఫారాలు బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడి ఉన్న దృశ్యాలు 2024 జనవరిలో రాష్ట్రమంతా చూసింది. ఏడాది తిరక్కముందే, నవంబరులో సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వే వచ్చింది. 75 ప్రశ్నలతో ఎన్యూమరేటర్లు మళ్లీ గడప గడపకూ తిరిగారు. మళ్లీ కాగితం, మళ్లీ డేటా ఎంట్రీ. ఒకే కుటుంబం తన వివరాలను ఒకే ప్రభుత్వానికి ఇన్నిసార్లు రాసివ్వడం, వాటిని ఇన్నిసార్లు కొత్తగా ఎక్కించడం శుద్ధ దండగ. చేతులు మారిన ప్రతిసారీ తప్పులు దొర్లుతాయి, కాగితాలు పోతాయి. కాబట్టి దరఖాస్తులు, సర్వేలు ఆన్‌లైన్‌కు మారాల్సిందే. అయితే ఎవరి సౌకర్యం కోసం మారుతున్నాయన్నది తేల్చుకోకుండా మారితే, కాగితంతో పడ్డ కష్టం పోయి అంతకంటే పెద్ద కష్టం వచ్చిపడుతుంది. ఆ సంగతి హైదరాబాద్ పాతబస్తీకి ఇప్పటికే తెలుసు.

మనకు ఆన్‌లైన్ కొత్త కాదు. 2001లో ఈసేవ, 2011లో మీసేవ మొదలైనప్పుడు దేశమంతా ఇటు చూసింది. కరెంటు బిల్లుకో చోట, నల్లా బిల్లుకో చోట తిరిగే పని తప్పింది. ఆదాయ, కుల ధ్రువీకరణ పత్రాల కోసం ఆఫీసులో బల్ల బల్లకూ మొక్కే బాధ తగ్గింది. ఈ మేలును ఎవరూ కాదనలేరు. కానీ పాతబస్తీలోని యాకుత్‌పురాలోనో తలాబ్‌కట్టలోనో ఆన్‌లైన్ దరఖాస్తు నిజంగా ఎలా పడుతుందో చూడాలి. కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం తెలంగాణ మహిళల్లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి దరఖాస్తుదారు స్వయంగా ఫారం నింపడం అరుదు. ఆమె కౌంటరుకు ఇవతల నిలబడి చెబుతుంది, అవతల ఆపరేటరు టైప్ చేస్తాడు. తెర అతని వైపు తిరిగి ఉంటుంది. పేరులో ఏ అక్షరం పడిందో, పుట్టిన సంవత్సరం ఏదని కొట్టాడో ఆమెకు కనబడదు. ఓటీపీ వచ్చే ఫోను కొడుకుదో, పక్కింటివాళ్లదో అయి ఉంటుంది. చివరికి ఆమె చేతికొచ్చేది దరఖాస్తు నంబరున్న చిన్న చీటీ. ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా 2017లోనే గుర్తించాం. ఆమె చదవగలిగే భాషలో ఆ చీటీ లేకపోతే ఆ గుర్తింపుకు విలువేముంది?

నమోదులో దొర్లిన తప్పు అక్కడితో ఆగదు. ఆ మీదట కంప్యూటరు ఆ వివరాలను మిగతా శాఖల వివరాలతో సరిపోల్చుతుంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ చేసింది ఇదే. వాహనాలు, ఆస్తులు వంటి రికార్డులన్నింటినీ కలిపి, ఎవరు పేదవారో ఎవరు కాదో తేల్చే బాధ్యతను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. రాష్ట్రంలో రద్దయిన రేషన్ కార్డులు సుమారు 19 లక్షలు. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒక పెద్దాయనకు కారుందని ఆ సాఫ్ట్‌వేర్ తేల్చింది. పేరు దగ్గరగా ఉన్న మరొకరి కారు అది. పాతబస్తీలో ఇలాంటి పొరపాటుకు ఆస్కారం ఎంతో ఎక్కువ. ఒకే మనిషి పేరు ఆధార్‌లో మహమ్మద్ అని, ఓటరు కార్డులో ఎండీ అని, కరెంటు బిల్లులో మొహద్ అని ఉంటుంది. ఒకే ఇంటి నంబరుకు బై నంబర్లు తగిలించుకుని అన్నదమ్ముల కుటుంబాలు నాలుగైదు వాటాల్లో ఉంటాయి. ఉర్దూలో పలికే పేరు తెలుగులోకి, ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి రూపం మారుతుంది. హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. ఇంటికి ఒక మనిషి వెళ్లి చూడటం అనే పని రద్దుకు ముందే జరగాల్సింది. ఏళ్ల తర్వాత, అదీ కోర్టు చెబితే జరిగింది.

మనుషుల చేతిలో పెడితే లంచాలు, దొంగ పత్రాలు వస్తాయి, అందుకే అంతా యంత్రానికి వదిలేయాలి అన్నది తరచూ వినబడే వాదన. ఇందులో న్యాయం లేకపోలేదు. కానీ జీహెచ్ఎంసీ జనన మరణ ధ్రువీకరణ పత్రాల వ్యవహారం ఈ వాదనకే ఎదురు నిలుస్తుంది. దరఖాస్తు పడీపడగానే పత్రం వచ్చేలా ఆన్‌లైన్‌లో తక్షణ ఆమోదం పెట్టారు. ఎక్కించిన పత్రాలను చూసే మనిషి లేకపోవడంతో, ఆర్డీవో ఉత్తర్వు ఉండాల్సిన చోట సంబంధం లేని కాగితాలు పెట్టినా సర్టిఫికెట్లు వచ్చేశాయి. 20 వేలకు పైగా పత్రాలను కార్పొరేషన్ రద్దు చేయాల్సి వచ్చింది. 2023 మార్చి నాటికి అది రాజకీయ రచ్చగా మారింది. అక్రమార్కులతో పాటు నిజంగా పుట్టిన బిడ్డల తల్లిదండ్రులూ అనుమానపు చూపులు భరించారు. రేషన్ కార్డుల విషయంలో యంత్రం అర్హులను తీసేసింది, ఇక్కడ అనర్హులను రానిచ్చింది. రెండింటిలోనూ లోపించింది ఒక్కటే, నిర్ణయానికి సంతకం పెట్టి జవాబు చెప్పే అధికారి. కాగితం రోజుల్లో ఆ సంతకం ఎంత ఆలస్యం చేసినా, ఎవరిని నిలదీయాలో తెలిసేది. ఇప్పుడు ‘సిస్టం తీసుకోవడం లేదు’ అంటే అడగడానికి ఎవరూ ఉండరు.

కాగితాన్నీ ఆన్‌లైన్‌నూ పక్కపక్కనే నడపడం ఖర్చు, ఆలస్యం అన్నది మరో అభ్యంతరం. ఖర్చు నిజమే, కానీ ఆస్ట్రేలియా అనుభవం చూడండి. ఆస్ట్రేలియా 2016 ఆగస్టులో జనగణనను ప్రధానంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. లెక్క రాత్రే వెబ్‌సైటు మూతపడి, సుమారు 40 గంటల పాటు తెరుచుకోలేదు. అయినా చివరకు 95 శాతం మంది వివరాలు అందాయంటే గడువు ఇంకా ఉండటం, కాగితం ఫారం అడిగి తీసుకునే వీలుండటం అందుకు తోడ్పడ్డాయి. రెండో దారి మీద పెట్టిన ఖర్చు వృథా కాలేదు. పైగా పాతబస్తీలో రెండో దారి మూసేస్తే ఖర్చు మాయం కాదు, ప్రభుత్వం జేబు నుంచి పేదవాడి జేబుకు మారుతుంది. రోజు కూలి వదులుకుని తిరిగిన తిరుగుళ్లు, దళారీ చేతిలో పెట్టిన నోట్లు ఏ బడ్జెట్లోనూ కనబడవు.

దేశంలో తొలి డిజిటల్ జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఎన్యూమరేటర్ల చేతిలో మొబైల్ యాప్ ఉంటుంది, ఇష్టమున్నవాళ్లు స్వయంగా వివరాలు నింపుకోవచ్చు. ఇంటికి మనిషి రావడాన్ని ఇందులో వదిలేయలేదు, అది సరైన నిర్ణయం. రాష్ట్ర ప్రభుత్వం తన దరఖాస్తులకూ సర్వేలకూ ఇంతకంటే తక్కువ ప్రమాణం పెట్టుకోకూడదు. మీసేవ కౌంటరులో దరఖాస్తుదారు వైపు కూడా ఒక తెర పెట్టాలి. నమోదైన ప్రతి వివరం తెలుగులోనో ఉర్దూలోనో ముద్రించి చేతికివ్వాలి, చదవలేనివారికి చదివి వినిపించాలి. ముందుగా నోటీసివ్వకుండా, ఇంటికెళ్లి చూడకుండా ఏ కార్డునూ ఏ పింఛనునూ కంప్యూటరు పోలిక ఆధారంగా ఆపకూడదు. తిరస్కరిస్తే కారణం, అధికారి పేరు, అప్పీలు చేసుకునే చోటు తిరస్కరణ కాగితం మీదే ఉండాలి. ఒకసారి ఇచ్చిన వివరాలను మరో శాఖ మళ్లీ అడగకూడదు, కానీ చెప్పకుండా వాడుకోనూ కూడదు. ఇవేవీ కొత్త సాంకేతికతను కోరే పనులు కావు. అధికారులు ఫైళ్ల మీద పెట్టే సంతకానికి ఉన్న బరువే తెర మీది ఆమోదానికీ ఉండాలని ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఆన్‌లైన్‌తో ప్రభుత్వానికి సమయం, డబ్బు, సిబ్బంది మిగులుతాయి. ఆ మిగులులో కొంత చార్మినార్, ఫలక్‌నుమా సర్కిళ్లలో జనానికి జవాబు చెప్పే మనుషుల మీద ఖర్చు పెట్టమని అడగడం ప్రగతికి అడ్డుపడటం కాదు. ఆ ప్రగతిలో తమ వాటా అడగడం.