ఉమ్మడి రిటర్ను ఎవరి లాభానికి?

నందికొండ హిల్ కాలనీలో కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయి ఆ మధ్య అడిగింది: "అక్కా, పెళ్లయినంక ఇద్దరం కలిపి ఒక్కటే రిటర్న్ వేయొచ్చంట గదా? నా పాన్ కార్డు ఇయ్యమంటున్నడు."

వేయడానికి వీల్లేదు. మన దేశంలో భార్యాభర్తలకు ఉమ్మడి ఆదాయపు పన్ను రిటర్ను లేదు. ఎవరి పాన్ వారిది, ఎవరి సంతకం వారిది. పెళ్లితో పాన్ నంబరు మారదు. ఇంటిపేరు నుంచి రేషన్ కార్డు దాకా అన్నీ మారిపోయే ఆడపిల్లకు ఇది చిన్న విషయం కాదు.

అయితే దీన్ని లోపంగా చూసేవారున్నారు. 2025 బడ్జెట్‌కు ముందు భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ, ఇష్టమైన దంపతులకు ఉమ్మడి రిటర్ను అవకాశం ఇవ్వాలని, పన్ను మినహాయింపు పరిమితిని వారికి రెట్టింపు చేయాలని సూచించింది. వినడానికి బాగానే ఉంది. లాభం ఎవరికి? భర్తకు పెద్ద జీతం, భార్యకు సంపాదన లేని ఇంటికి. ఇద్దరూ సమానంగా సంపాదించే ఇంటికి పైసా తేడా రాదు. ఇద్దరూ కూలికి పోయే ఇంటికి ఈ చర్చతోనే పని లేదు. పైగా ఇంట్లో ఉన్న భార్య రేపు ఉద్యోగంలో చేరితే, ఆమె వాటా మినహాయింపును భర్త అప్పటికే వాడేసుకుని ఉంటాడు. ఆమె మొదటి రూపాయి నుంచే అతని రేటున పన్ను పడుతుంది. "నీ జీతం పన్నుకే పోతుంది, ఎందుకీ తిరుగుడు" అని ఇంట్లో అనడానికి ఇంకో సాకు దొరుకుతుంది.

కుటుంబాన్ని ఒక యూనిట్ అన్న ప్రతిసారీ ఆ యూనిట్‌కు తల ఎవరో మనకు తెలుసు. 2005 ఉపాధి హామీ చట్టం వంద రోజుల పనిని మనిషికి కాక కుటుంబానికి ఇచ్చింది. పన్ను చట్టంలోని హిందూ అవిభక్త కుటుంబంలో కోడలు సభ్యురాలే గాని కర్త కాలేదు. బ్రిటన్‌లో 1990 దాకా భార్య ఆదాయం భర్త లెక్కలో చూపవలసి వచ్చేది. అమెరికాలో ఉమ్మడి రిటర్ను ఉంది. మన జిల్లాల నుంచి పెళ్లి చేసుకుని అక్కడికి వెళ్లిన అమ్మాయిలు దాని మీద సంతకం పెడుతూనే ఉన్నారు. ఆ సంతకంతో మొత్తం పన్నుకు ఇద్దరూ పూచీ పడినట్టే. అతను దాచిన ఆదాయానికి, విడాకులయ్యాక కూడా, ఆమెను అడగవచ్చు. తనకు తెలియదని నిరూపించుకుంటే ఊరట ఉంది, కాని నిరూపించుకోవాలి.

ఇప్పుడున్న చట్టం మాత్రం గొప్పదా? భర్త భార్యకు డబ్బిచ్చి బ్యాంకులో వేయిస్తే ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. 1937 నుంచీ ఉన్న ఈ క్లబ్బింగ్ నియమం భార్యల పేరున ఆదాయం పంచి పన్ను ఎగ్గొట్టే మగవాళ్ల కోసం పెట్టింది. దానితో పేచీ లేదు. ఇంకో నియమం ఉంది, 1961 చట్టం 64వ సెక్షన్‌లో. భర్తకు 20 శాతం, ఆపైన వాటా ఉన్న వ్యాపారంలో భార్య జీతం తీసుకుంటే, సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత చూపకపోతే, ఆ జీతం భర్త ఆదాయమే. భర్త మెడికల్ షాపులో ఫార్మసీ చదివిన భార్య జీతం ఆమెది. పొద్దున షట్టర్ ఎత్తి, రాత్రి దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చుని, బాకీలు గుర్తు పెట్టుకునే భార్య జీతం అతనిది! అర్హతకు డిగ్రీ కాగితమే ఉండనక్కరలేదన్న తీర్పులున్నాయి, కాని చట్టంలో మాట మారలేదు. 2025లో చట్టాన్నే కొత్తగా రాసినప్పుడు కూడా ఈ నియమాన్ని ఉంచారు.

మన సంఘాలు బడ్జెట్‌కు ముందు వినతిపత్రాలు ఇచ్చేటప్పుడు సిలిండర్ ధరతో పాటు ఈ నియమాన్నీ రాయాలి. దుకాణంలో, పొలంలో, క్లినిక్‌లో నిజంగా చేసిన పనికి అర్హత అడగకుండా జీతం ఆమె పేరునే లెక్కకట్టాలి.

ఆ అమ్మాయికి పాన్ ఇవ్వొద్దని చెప్పలేదు. ముందు ఎందుకో అడగమన్నాను. ఆమె పేరున ఫిక్సెడ్ డిపాజిట్ వేస్తాడట. డిపాజిట్ రసీదు ఎవరి బీరువాలో ఉంటుందని అడిగితే నవ్వి ఊరుకుంది.