మంత్రగాడు మిగిలాడు, గడి మాయమైంది

మసాహిరో ఇటో అనే జపాన్ చిత్రకారుడు తన చేత్తో గీసిన ఒక రాక్షసుణ్ణి అసలు గీయకుండా ఉంటే బాగుండేదని ఆ మధ్య బాహాటంగానే వాపోయాడు. ఆ రాక్షసుడి పేరు పిరమిడ్ హెడ్. హారర్ వీడియో గేములు ఆడేవాళ్ళకు పరిచయం అక్కర్లేదు. ఆడనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్తాను. ఎందుకంటే ఇటో బాధ మన తెలుగు హారర్‌కీ వర్తిస్తుంది. మన దగ్గర అలా బాధపడేవాళ్ళే కనపడరు.

2001లో కొనామీ కంపెనీ ప్లేస్టేషన్ 2 కోసం సైలెంట్ హిల్ 2 అనే గేమ్ విడుదల చేసింది. జేమ్స్ అనే మనిషికి చనిపోయిన భార్య దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. ఆమెను వెతుక్కుంటూ మంచు కమ్మిన ఒక ఊరికి వస్తాడు. ఆ ఊళ్ళో అతనికి పిరమిడ్ హెడ్ ఎదురవుతాడు. తల మీద తుప్పు పట్టిన పెద్ద ఇనుప ముక్కోణం, చేతిలో నేల మీద ఈడ్చుకొచ్చే కత్తి. మొహం ఉండదు, మాట ఉండదు. కథ చివరికొచ్చేసరికి అసలు సంగతి తెలుస్తుంది. జబ్బుపడిన భార్యను దిండుతో ఊపిరాడకుండా చేసి చంపింది జేమ్సే. ఆ సంగతి తలుచుకోలేక, తనను శిక్షించేవాడు ఒకడు కావాలని లోపల కోరుకున్నాడు. ఆ ఊళ్ళో పూర్వం ఉండిన తలారుల వేషంలో శిక్ష నడిచొచ్చింది. జేమ్స్ నిజం ఒప్పుకున్నాక పిరమిడ్ హెడ్ తన ఈటె తనే పొడుచుకుని చస్తాడు. పని అయిపోయింది కాబట్టి.

అంటే ఆ విలన్‌కి ఒక చిరునామా ఉంది. ఒక్క మనిషి, ఒక్క హత్య, ఒక్క దిండు. వాటిని తీసేస్తే అతనికి ఉనికే లేదు.

తర్వాత జరిగింది చూడండి. 2006లో వచ్చిన సినిమాలో జేమ్స్ లేడు, పిరమిడ్ హెడ్ ఉన్నాడు. 2008లో వచ్చిన హోమ్‌కమింగ్ అనే గేమ్‌లోనూ అంతే. అదే ఏడాది కొనామీ వాళ్ళ ఆటల పోటీల గేమ్‌లో అతను క్రీడాకారుడు! 2017లో బాంబర్‌మ్యాన్ గేమ్‌లో ముద్దొచ్చే బొమ్మ. 2020లో డెడ్ బై డేలైట్ అనే ఇంకో కంపెనీ గేమ్‌లో డబ్బు కట్టి కొనుక్కునే హంతకుడు. ఎక్కడా ఆ భార్య మాట లేదు. సాఫ్ట్‌వేర్‌లో మాకు ఈ పద్ధతి బాగా తెలుసు. ఎక్కడో బాగా నడుస్తున్న కోడ్ ముక్కను, అది దేని మీద ఆధారపడిందో చూడకుండా, తెచ్చి ఇంకోచోట అతికిస్తాం. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ నడుస్తుంది కూడా. జవాబు మాత్రం తప్పొస్తుంది.

ఇప్పుడు మన ఇంటికొద్దాం.

తెలుగులో హారర్ గేములు పెద్దగా లేవు. కానీ సినిమా నుంచి సినిమాకు, నవల నుంచి నవలకు తిరిగొచ్చే విలన్ మాత్రం ఒకడున్నాడు: మంత్రగాడు. క్షుద్రోపాసకుడు, అఘోరా, చేతబడి చేసేవాడు, బాణామతి చేసేది... ఏ పేరైనా పెట్టండి. పుర్రెలు, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, ఎర్రటి కళ్ళు. మన సినిమాల్లో విగ్గు మారుతుంది, వేషం మారదు.

ఈ వరసలో అందరికంటే పెద్దవాడు 2009లో కోడి రామకృష్ణ తీసిన అరుంధతిలోని పశుపతి. సోనూ సూద్ రూపం, రవిశంకర్ గొంతు. పశుపతి అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? బూడిద, జడలు, బొమ్మాళీ అన్న కేక. పశుపతి మొదట ఎవరో గుర్తుందా? గద్వాల సంస్థానం అల్లుడు. అఘోరా అవడానికి చాలా ముందే అతను ఆడవాళ్ళను చెరిచాడు, మనుషుల్ని చంపాడు. అప్పుడతని చేతిలో ఏ మంత్రమూ లేదు. ఇంటి అల్లుడన్న హోదా ఒక్కటే ఉంది, అది చాలింది. క్షుద్రవిద్య ఆ తర్వాత దొరికిన రెండో ఆయుధం.

అరుంధతి మొదటి సగంలో ఉన్న భయం మంత్రం భయం కాదు, గడి భయం. తెలంగాణలో పుట్టినవాళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. గడి ముందు నుంచి చెప్పులు చేతబట్టుకుని నడిచిన తాతల కథలు వింటూ పెరిగాం. ఆ భయానికి సినిమా ఒక మొహం ఇచ్చింది. తర్వాత ఆ మొహానికి బూడిద పూసింది. మనం బూడిదను గుర్తుపెట్టుకుని మొహాన్ని మర్చిపోయాం. తను కోరిన ఆడదాన్ని చచ్చినా వదలనని ఒక దుర్మార్గుడు చేసిన బెదిరింపు ఇవాళ కామెడీ స్కిట్లలో నవ్వు పుట్టించే డైలాగు. షూటింగ్ జరిగిన బనగానపల్లె నవాబుల బంగళాను కూడా ఇప్పుడు జనం అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. దాని అసలు చరిత్ర కూడా బూడిద కిందికే పోయింది.

అంతకుముందు సంగతీ ఇదే. యండమూరి తులసిదళం 1980ల్లో ఆంధ్రభూమి వారపత్రికలో వస్తుంటే జనం ఎంత భయపడ్డారో మన అమ్మానాన్నల తరం ఇప్పటికీ చెప్తుంది. వాళ్ళకు గుర్తున్నది కాష్మోరా, కాద్రా. ఆ పసిపిల్ల పేరిట రావలసిన ఆస్తి, దాని మీద కన్నేసిన పెద్దమనుషులు ఎంతమందికి గుర్తున్నారు? డబ్బు కోసం పిల్ల చావు కోరుకున్నవాళ్ళు పక్కకు పోయారు. కూలికి మంత్రం వేసినవాడు భయానికి బ్రాండ్ అయి కూర్చున్నాడు.

ఇక ఇప్పటి సినిమాలు. మా ఊరి పొలిమేర మొదటి భాగం 2021లో వచ్చింది, రెండోది 2023లో. సత్యం రాజేష్ బాగా చేశాడు, దర్శకుడు అనిల్ విశ్వనాథ్‌కు కథ తిప్పడం వచ్చు, కాదనను. నా గొడవ వేరే. 2009లో చేతబడి చేసేవాడు సంస్థానం అల్లుడు. 2021కి వచ్చేసరికి ఆటో నడుపుకునే కొమురయ్య. విలన్ గడి మెట్లు దిగి వాడలోకి వచ్చేశాడు. పన్నెండేళ్ళలో భయం దిక్కు మార్చుకుంది. పైనున్నవాణ్ణి చూసి భయపడాల్సిన జనం పక్కింటివాణ్ణి చూసి భయపడటం నేర్చుకున్నారు.

కొమురయ్య అన్న పేరు మా వరంగల్ ప్రాంతంలో ఉత్త పేరు కాదు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకీ గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య పేరది. గడికి ఎదురు నడిచినవాడి పేరు. దర్శకుడు కావాలని పెట్టాడని నేననను, ఊళ్ళల్లో ఎంతోమందికి ఉన్న పేరే. కానీ ఆ పేరు వినగానే ఒక తరానికి తిరుగుబాటు గుర్తొస్తే, రేపటి తరానికి నిమ్మకాయలు గుర్తొస్తాయి. దీన్ని చిన్న విషయమని నేననుకోలేను.

“సినిమాను సినిమాలా చూడాలి బ్రదర్, అన్నిటికీ సామాజిక స్పృహ ఏంది?” అని అడిగే మిత్రులున్నారు. వాళ్ళకు రెండు జవాబులు.

మొదటిది, జపాన్‌లోనో అమెరికాలోనో ఇనుప ముక్కోణం తగిలించుకుని కత్తి ఈడ్చుకుంటూ వీధిలో తిరిగే మనిషి ఎవడూ లేడు. పిరమిడ్ హెడ్‌ను ఎంత పాడుచేసినా నష్టం కథకే. మన మంత్రగాడు అలా కాదు. అతనికి, ఆమెకు ఊళ్ళో ఇల్లుంది, రేషన్ కార్డుంది. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టేసి కొట్టిన, మంత్రం పలకకుండా పళ్ళు పీకిన, తగలబెట్టిన వార్తలు తెలంగాణ పేపర్ల జిల్లా పేజీల్లో మనం చదువుతూనే ఉన్నాం. జాతీయ నేర గణాంకాల్లో హత్యలకు కారణాల పట్టికలో మంత్రవిద్యకు ఇవాళ్టికీ ఒక గడి ఉంది. పోలీసు కళాబృందాలు ఊరూరా తిరిగి మూఢనమ్మకాలొద్దని ఇప్పటికీ పాటలు పాడాల్సి వస్తోంది. నర్సంపేట వైపు మా అమ్మమ్మ ఊళ్ళో ఒక ముసలామె ఉండేది. ఒంటరి మనిషి, ఎకరంన్నర చెలక ఉండేది. పిల్లలకు జ్వరమొస్తే ఆమె చూపు తగిలిందనేవాళ్ళు. ఆమె బావి నీళ్ళు ఎవరూ తాగేవాళ్ళు కాదు. ఆమె పోయాక ఆ చెలక దున్నుకోవడానికి మాత్రం ఎవరికీ భయం వేయలేదు. తులసిదళంలో ఉన్న కథే ఇది. కాకపోతే ఇక్కడ మంత్రగత్తె అనిపించుకున్నామెదే ఆస్తి.

రెండో జవాబు, నేను సామాజిక స్పృహ అడగడం లేదు, మంచి హారర్ అడుగుతున్నాను. భయం ఎక్కడ్నుంచి వచ్చిందో తెలిస్తేనే అది ఒంటికి పడుతుంది. 2023లో వచ్చిన విరూపాక్ష మొదట్లోనే ఊరంతా కలిసి క్షుద్రపూజల పేరుతో ఒక జంటను తగలబెడుతుంది. కాలుతూ ఆ ఇల్లాలు ఊరికి శాపం పెడుతుంది. నా మటుకు ఆ సినిమా మొత్తంలో అతి భయంకరమైన దృశ్యం అదే, ఎందుకంటే అందులో దయ్యం లేదు. కాగడాలు పట్టుకున్న మనలాంటి మనుషులున్నారు. జేమ్స్ చేతిలో దిండు ఎంతో, రుద్రవనం ఊరి చేతిలో ఆ కాగడా అంత. సైలెంట్ హిల్ 2 లాంటి కథ కావాలంటే అక్కడే ఆగి ఊరిని నిలదీయాలి. సినిమా ఆగలేదు. ముందు ముందు ఊరిని ఎవరు కాపాడతారన్నదే కథ అయింది. కాల్చిన చేతులు ఎవరివని అడిగే తీరిక కథకు లేకపోయింది.

సినిమా మొదట్లో మూఢనమ్మకాలను ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదని ఒక ప్రకటన వేస్తారు. ఆ తర్వాత రెండున్నర గంటలు చేతబడి పనిచేస్తుందని చూపిస్తారు. ఆ అర నిమిషం ఆ రెండున్నర గంటలకు సమాధానం ఎలా అవుతుంది? నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో కాల్చి చంపాక గానీ మహారాష్ట్రలో చేతబడి వ్యతిరేక చట్టం రాలేదు. బీహార్ 1999లోనే తెచ్చింది, జార్ఖండ్ 2001లో. కర్ణాటక 2017లో చేసింది. తెలంగాణలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అది అడగాల్సింది ప్రభుత్వాన్ని. కథ సంగతి అడగాల్సింది మాత్రం రచయితల్నీ దర్శకుల్నీ.

మరి సమీక్షకులు? విజువల్స్ అదిరాయి, బీజీఎం ఇరగదీసింది, సెకండాఫ్ కొంచెం సాగింది, రెండుమ్ముప్పావు. పశుపతి ఎవరి అల్లుడు, కొమురయ్య ఏ వాడవాడు అన్నది ఒక్కరూ రాయరు. హారర్‌ను చిన్నచూపు చూసే సాహిత్య విమర్శకులు అసలు ఇటు తొంగిచూడరు. దాంతో మన భయాల లెక్క రాసే పని రేటింగులిచ్చేవాళ్ళ చేతిలో పడింది.

మంత్రగాణ్ణి రానివ్వొద్దని నేననడం లేదు. రానివ్వండి, పదిసార్లు రానివ్వండి. ఎవరి పాపం అతన్ని పిలిచిందో కూడా చెప్పండి. ఏ గడి, ఏ ఆస్తి, ఏ చెలక, ఏ ఊరు కట్టిన ఏ చెట్టు. అది చెప్పకుండా పుర్రెలూ నిమ్మకాయలూ పరిచినంత కాలం, తెర మీద విలన్ చస్తాడు, తెర బయట ఎవరో ఒక ఒంటరి ముసలామె మీద అతని పేరు పడుతుంది.