వృద్ధాశ్రమములలో ఎత్తుట, దింపుట

వృద్ధాశ్రమములందు పని తెల్లవారకమునుపే ప్రారంభమగును. పక్షవాతముతో మంచము పట్టినవారిని ప్రక్కకు త్రిప్పవలెను. తడిసిన దుప్పటి మార్చవలెను. మంచముమీదినుండి కుర్చీలోనికిని, కుర్చీలోనుండి స్నానపు గదికిని, అచటినుండి మరల మంచమునకును చేర్చవలెను. చాలచోట్ల ఈ పనియంతయు ఒక ఆయా చేతులమీదుగనే జరుగుచుండును. తోడు కావలసివచ్చినచో ఇంకను నడువగల మరియొక వృద్ధుడే చేయి అందించును. ఆశ్రమమును చూడవచ్చిన దాతలు వంటశాలను చూతురు, దుప్పట్ల శుభ్రతను మెచ్చుకొందురు. ఆయా నడుము సంగతి ఎవరును అడుగరు.

అడుగవలసిన కారణము కలదు. ముందునకు వంగి, చేతులు చాచి బరువు పట్టినపుడు నడుములోని వెన్నుపూసల మధ్యనుండు మెత్తని బిళ్ళలపై పడు ఒత్తిడి ఆ బరువునకు అనేక రెట్లుండును. బరువు శరీరమునకు ఎంత దూరముగ నున్న, ఒత్తిడి అంత హెచ్చును. ఏతము త్రొక్కినవారికి ఈ సూత్రము వేరుగ చెప్పనక్కరలేదు. ఒక్కనాటి బరువుతో నడుము పోవుట అరుదు. దినమునకు పదిమార్లు, ఇరువదిమార్లు వంగిన వంగుట ఏండ్ల తరబడి పేరుకొని, తుదకు ఒకనాడు నీళ్ళ బకెట్టు ఎత్తుచుండగా నొప్పి బయటపడును. అపుడు తప్పు బకెట్టుమీద పడును!

బియ్యపు బస్తాకును మనుష్యునకును భేదము కలదు. బస్తా భయపడదు, నడుమ జారదు, ఎత్తువాని మెడ పట్టుకొని వ్రేలాడదు. అమెరికా దేశపు వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1991లో సవరించిన సూత్రము ప్రకారము, అన్ని పరిస్థితులును అనుకూలముగ నున్నపుడు ఎత్తదగిన బరువు 23 కిలోలు. రోగులను ఎత్తు విషయమున 2007లో సూచింపబడిన మితి 35 పౌనులు, అనగా 16 కిలోలకు కొంచెము తక్కువ. ఎంత చిక్కిన ముదుసలియైనను ఈ మితిని మించిన బరువే యుండును. కాబట్టి తన కాళ్ళపై ఏమాత్రమును నిలువలేనివారిని ఒక ఆయా ఒంటరిగ ఎత్తుట, ఆమె ఎంత బలిష్ఠురాలైనను, మితిమీరిన పనియే.

ఇట్టిచోట నిర్వాహకులు సాధారణముగ చేయునది ఒకటే. నడుము వంచకుండ మోకాళ్ళు మడిచి ఎత్తవలెనని ఆయాలకు ఒక పూట బోధించి, గోడమీద ఒక చిత్రపటము అంటింతురు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన పరిశోధన సమీక్షలో, అట్టి బోధన నడుము నొప్పిని నివారించునని చెప్పుటకు తగిన ఆధారము కనబడలేదు. ఇందు ఆశ్చర్యమేమి? మోకాలి ఎత్తు మంచము గోడకు ఆనించి యుండగా, రెండవ ప్రక్క నిలుచుటకు చోటు లేనపుడు, చిత్రపటములోని భంగిమ ఎవరికి సాధ్యము? బ్రిటనులో 1992 నాటి నిబంధనలు వేరు క్రమమును ఏర్పరచినవి. వీలైనంతవరకు ప్రమాదకరమగు ఎత్తుడును తప్పింపవలెను. తప్పనిచో ముందుగ ప్రమాదమును అంచనా వేయవలెను. పిదప దానిని తగ్గింపవలెను. ఆ బాధ్యత ముందుగ యజమానిది.

యంత్రములు కొనుటకు ధనమెక్కడిదని నిర్వాహకులు అందురు. ఈ మాటలో కొంత నిజము కలదు గాని, అంతయు నిజము కాదు. మంచమును గోడనుండి జరుపుటకు ధనమక్కరలేదు. స్నానపు గది గడప తీసివేయుట, గోడకు గట్టి ఇనుప పిడి బిగించుట తాపీమేస్త్రి ఒక దినపు పని. నునుపైన నైలాను గుడ్డను రెండు మడతలుగ క్రింద పరచినచో, మంచముపై మనిషిని ఎత్తక జరుపవచ్చును. పిడులు గల వెడల్పాటి నడికట్టు నిలువగలవారికి ఆసరా ఇచ్చుటకు చాలును. బొత్తిగా లేవలేనివారి మంచములకు దిమ్మెలు వేసి ఆయా నడుము ఎత్తునకు తేవచ్చును. దిగి నడచువారికి మాత్రము అట్లు చేయరాదు, పాదములు నేలనంటక పడిపోవుదురు. ఇద్దరికిని ఉపయోగపడునది చేతిమరతో ఎత్తు మారు మంచము. కాళ్ళపై బరువు మోపలేనివారికి ఎత్తుడు యంత్రమే శరణ్యము. ఆశ్రమమునకు ఒక్కటైనను ఉండవలెను. దాతలు ఫలకముపై పేరు చెక్కించుకొనదలచినచో దీనిపై చెక్కించుకొనవచ్చును.

చంకలలో చేతులు పెట్టి పైకి లాగు అలవాటు మాత్రము వెంటనే మానవలెను. దానివలన ఆయా నడుమునకే గాక వృద్ధుని భుజమునకును ముప్పు. పలుచని చర్మము చిట్లును, పెళుసెక్కిన ఎముక విరుగును. పడిపోవుచున్నవారిని అమాంతము పట్టుకొనబోవుటయు, పడినవారిని గాయమున్నదో లేదో చూడక లేపుటయు ఇట్టివే. అంతకుముందు ఒక చిన్న పని కలదు. ‘‘తాతగారూ, కాళ్ళు వెనుకకు తీసికొని, కొంచెము ముందునకు వంగండి’’ అని చెప్పి చూడవలెను. చాలమంది తామే సగము లేతురు. తొందరలో ఎవరును అడుగనందున వారు బరువులైరి.

తక్కిన ప్రమాదములును లేకపోలేదు. తడి నేల, మూత పెట్టక విడిచిన ఇంజెక్షను సూది, మతిభ్రంశముతో చేయి చేసికొను రోగి. మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును బ్లీచింగుతో కలుపుటవలన విషవాయువైన క్లోరిను పుట్టునని పనివారికి చెప్పనివారే ఎక్కువ. కాని ఇవి ఏదో ఒకనాడు కంటబడును. నడుము నొప్పి కంటబడదు. చెప్పిన పని పోవునని ఆయా దాచుకొనును. ‘‘ఇది సేవ, పుణ్యము’’ అనువారు ఆ పుణ్యములో నొప్పి భాగమంతయు ఆమెకే విడిచినారు.

చట్టమును చూచినను ఇదే లోపము. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమముల నిమిత్తము 2007లో చేసిన చట్టపు 19వ సెక్షను, జిల్లాకు కనీసము ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు తగిన ఆశ్రమములను రాష్ట్ర ప్రభుత్వములు స్థాపింపవచ్చునని చెప్పుచున్నది. నివాసుల వైద్యమును, వినోదమును అందు పేర్కొన్నారు. వారిని ఎత్తు చేతుల ప్రసక్తి లేదు. గాయము కలిగించునంతటి బరువును ఎవరిచేతను ఎత్తింపరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 34వ సెక్షనులో శాసించెను గాని, ఆశ్రమము ఫ్యాక్టరీ కాదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి సాధారణముగ పదిమంది పనివారు గల సంస్థలను ఉద్దేశించినది. నలుగురైదుగురితో నడచు ఆశ్రమము దాని నీడకు చేరదు.

ఈ లోపమును సవరించుటకు నూతన చట్టము కొరకు వేచియుండనక్కరలేదు. ఆశ్రమముల ప్రమాణములను నిర్ణయించు అధికారమును అదే 19వ సెక్షను రాష్ట్రములకు ఇచ్చినది. గ్రాంటు మంజూరునకు ముందు తనిఖీకి వచ్చు అధికారి వంటశాలతోబాటు మరి మూడు సంగతులు వ్రాసికొనవలెను: లేవలేని నివాసులెందరు, రాత్రివేళ వారిని త్రిప్పుటకు పనివారెందరు, గడచిన సంవత్సరములో నడుము నొప్పితో పని మానిన ఆయాలెందరు. మూడవ ప్రశ్నకు జవాబును కార్యాలయపు గదిలో గాక, ఆయాలనే అడిగి వ్రాసికొనవలెను.