సాగే బట్టకు తగ్గే కొలత

జాకెట్టు చక్కగా కుట్టే చెయ్యే లెగ్గింగు దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. వినడానికి వింతగా ఉన్నా కారణం ఉంది. ఇన్నేళ్లుగా ఆ చెయ్యి నేర్చుకున్నది ఒక్కటే... ఒంటి కొలతకు కాస్త వదులు కలపాలి, ఆ పైన కుట్టుకు అరంగుళం వదలాలి. పిల్లల గౌనైనా, పైజమా అయినా అదే లెక్క. లెగ్గింగుకు ఆ లెక్క తిరగబడుతుంది. సీటు చుట్టూ 40 అంగుళాలుంటే బట్ట 36 అంగుళాలే ఉండాలి. నలభైకి నలభై కత్తిరిస్తే మోకాళ్ల దగ్గర సంచుల్లా వేలాడుతుంది. సాయంత్రానికి నడుము జారుతుంది.

బజార్లో రంగురంగులవి దొరుకుతుంటే ఇంట్లో ఈ పాట్లెందుకంటారా? ఎస్, ఎమ్, ఎల్ అనే మూడు అక్షరాల్లో అందరి కాళ్లూ ఇమడవు మరి. సన్నగా పొడుగ్గా ఉన్న అమ్మాయికి చిన్న సైజు తీసుకుంటే చీలమండకు నాలుగంగుళాల పైనే ఆగిపోతుంది. పొట్టిగా బొద్దుగా ఉన్న వాళ్లమ్మకు పెద్ద సైజు కొంటే పాదాల దగ్గర ముడతలు పోగుపడతాయి. ఇంకో తంటా పలచదనం. షాపులో మడతపెట్టి ఉన్నప్పుడు నల్లగా నిగనిగలాడే బట్టే, కూర్చోగానే తొడల దగ్గర సాగి ఒళ్లు కనిపించేలా చేస్తుంది. ఆ అమ్మాయి కాలేజీలో రోజంతా టాపు కిందికి లాక్కుంటూ గడపాల్సిందే. ఇంట్లో కుట్టుకుంటే పొడవూ మందమూ మన చేతిలో ఉంటాయి.

అసలు సాగడమన్నది కొత్త సంగతేం కాదు. చుడీదారు బాటమ్ కుట్టడానికి బట్టను క్రాస్‌గా ఎందుకు కత్తిరిస్తారు? పడుగూ పేకా నేసిన బట్ట నిలువుగా సాగదు, అడ్డంగా సాగదు. మూలగా పట్టి లాగితే మాత్రం కాస్త లొంగుతుంది. ఆ కాస్త లొంగుబాటుతోనే దర్జీలు పిక్కకు అతుక్కునే చుడీదారు కుట్టేవారు. లెగ్గింగు బట్టలో పడుగూ పేకా ఉండవు. స్వెట్టరులా దారాన్ని ఉచ్చుల్లో ఉచ్చుగా అల్లుతారు. మేజోళ్లు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే చేశాడు. లాగితే ఉచ్చు వెడల్పవుతుంది, వదిలితే సర్దుకుంటుంది. కానీ ఉత్త నూలు బట్ట పూర్తిగా వెనక్కి రాదు. పాత బనియన్లు చూస్తే తెలుస్తుంది. ఆ కొరత తీర్చింది లైక్రా. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన సాగే దారమిది. నూటికి 95 పాళ్లు నూలు, 5 పాళ్లు ఈ దారం కలిసిన కాటన్ లైక్రా మన ఎండలకు హాయి. పూర్తి పాలిస్టరు బట్ట చవకే కానీ వేసవిలో ఒంటికి అతుక్కుపోతుంది.

బట్ట కొనేటప్పుడు చిన్న పరీక్ష చేయండి. అడ్డంగా నాలుగంగుళాల మేర వేళ్లతో పట్టుకుని స్కేలు పక్కన పెట్టి సాగదీయాలి. బలవంతం చేయకుండానే ఆరంగుళాల దాకా రావాలి, వదలగానే మళ్లీ నాలుగుకు చేరాలి. ఐదు దగ్గరే మొరాయించే బట్ట ఈ పనికి రాదు. సాగదీసినప్పుడే వెనక అరచెయ్యి పెట్టి చూడండి. వేళ్లు కనిపిస్తే ఎంత మంచి రంగైనా వదిలేయడమే. పన్నా 60 అంగుళాలుంటే రెండు కాళ్లూ పక్కపక్కనే పడతాయి. మామూలు ఎత్తువాళ్లకు మీటరుంబావు చాలు. చీలమండ దగ్గర చుడీదారులా ముడతలు రావాలంటే మీటరున్నర తీసుకోవాలి. ఇంటికి రాగానే ఉతికి, ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పట్టాలి. కుంచించుకుపోయేదేదో ముందే పోతుంది.

ఇక కాగితం మీద నమూనా. బాగా నప్పిన పాత లెగ్గింగు ఒకటుంటే సగం పని అయినట్టే. తిరగేసి, ఒక కాలి మీద ఇంకో కాలు వచ్చేలా మడిచి, పుస్తకాలకు అట్టలేసే కాగితం మీద పరిచి చుట్టూ గీయాలి. మోకాళ్లు సాగిపోయిన దాన్ని మాత్రం నమూనాగా తీసుకోవద్దు, ఆ వంకరే కొత్తదానికీ వస్తుంది. పాతది లేకపోతే టేపే దిక్కు. సీటు, తొడ, మోకాలు, పిక్క... ప్రతి చుట్టుకొలతలో పదోవంతు తగ్గించాలి. తొడ 24 అయితే ఇరవయ్యొకటిన్నర, పిక్క 14 అయితే పన్నెండున్నర. ఒక్కచోట జాగ్రత్త. చీలమండ సన్నగా ఉందని మరీ బిగించారో, మడమ దూరదు. పాదాన్ని మడమ నుంచి ఏటవాలుగా చుట్టి కొలిస్తే 12 అంగుళాలు వచ్చిందనుకోండి, కింది అంచు అంత మేర సాగాలి.

ముందుభాగం కంటే వెనకభాగం నడుము దగ్గర అంగుళంన్నర ఎత్తుండాలి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. కింద బాసింపట్టు వేసుకుని కూర్చునే ఇళ్లలో ఇది ఇంకా ముఖ్యం. ఆ ఎత్తు లేకపోతే కూర్చున్నప్పుడల్లా వెనక నడుము కిందికి లాగేస్తుంది. రెండు కాళ్లూ కలిసే చోట అరచేతి సగమంత డైమండ్ ముక్క వేస్తే లాగుడు ఒక్క కుట్టు మీద పడదు. పైజమాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే, ఉర్దూ మాట్లాడే దర్జీలు మియానీ అంటారు. బజారు లెగ్గింగుల్లో బట్ట కలిసొస్తుందని చాలావరకు దీన్ని ఎగ్గొడతారు. మొదట చిరిగేది కూడా అక్కడే.

కత్తిరించేటప్పుడు బట్టను బాగా చూడండి. పైవైపు సన్నటి నిలువు గీతలు కనిపిస్తాయి. అవి కాలి పొడవునా రావాలి, సాగే వైపు కాలి చుట్టూ రావాలి. అంగుళాలు కలిసొస్తాయని నమూనాను అడ్డంగా తిప్పి పెడితే బట్టంతా దండగ. అలా కుట్టింది పిక్క దాటి పైకి ఎక్కదు. బట్టను మడిచి రెండు పొరలూ కలిపి కత్తిరిస్తే కుడికాలూ ఎడమకాలూ వాటంతటవే వస్తాయి. విడివిడిగా కత్తిరించాలంటే నమూనాను రెండోసారి బోర్లా తిప్పాలి, లేదంటే రెండూ ఒకే కాలివవుతాయి.

మిషనుకు మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది కావాలి. వాడి సూది ఉచ్చును తెంపేస్తుంది, రెండు ఉతుకులకే కుట్టు వెంట చిల్లులు బయటపడతాయి. దారం పాలిస్టరుదే వాడాలి. జిగ్‌జాగ్ ఉన్న మిషనైతే సన్నటి జిగ్‌జాగ్ పెట్టుకోవాలి. తిన్నటి కుట్టు ఒక్కటే వేసే పాత కాలితొక్కుడు మిషనుతో ఏం చేయాలి? దాన్ని మూలన పెట్టనక్కర్లేదు. కుట్టు చిన్నది చేసుకుని, సూదికి ముందూ వెనకా బట్టను కొంచెం బిగించి పట్టుకుంటూ కుట్టాలి. పక్కనే ఇంకో వరస వేయాలి. బిగించకుండా కుట్టేస్తే మొదటిసారి గొంతుకు కూర్చోగానే టప్పున తెగుతుంది. బట్ట మిషను పళ్లలో ఇరుక్కుంటుంటే కింద పల్చటి తెల్లకాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయొచ్చు. ఈ పేపరు మాత్రం వద్దు, సిరా అంటుకుంటుంది!

ముందు ఏ కాలికాకాలు లోపలివైపు కుట్టు వేయాలి. ఒక కాలిని మంచివైపు పైకి తిప్పి రెండోదానిలో దూర్చితే కలిపే కుట్టు ఒక్క ఊపులో అయిపోతుంది. డైమండ్ ముక్క వేసేట్టయితే దాన్ని ముందే ఒక కాలికి అతికించుకోవాలి. నడుముకు అంగుళం వెడల్పు ఎలాస్టిక్, నడుము కొలత కంటే రెండు మూడంగుళాలు తక్కువగా కత్తిరించుకోవాలి. పై అంచు మడిచి కుట్టి, లంగాకు నాడా ఎక్కించినట్టే పిన్నీసుతో దూర్చేయొచ్చు. అయితే ఎలాస్టిక్ చివరలు అప్పుడే కుట్టేయొద్దు. పిన్నీసు పెట్టే ఒకసారి తొడుక్కుని నాలుగడుగులు నడవాలి, కింద కూర్చుని లేవాలి. నడుము ఒరుసుకుంటే అరంగుళం వదలాలి, జారితే అరంగుళం లాగాలి. కింది అంచు మడత కూడా చివరిదాకా ఆగి, వేసుకున్నాక గుర్తు పెట్టుకుంటేనే పొడవు సరిగ్గా కుదురుతుంది.

మొదటిది పండక్కి వేసుకునే మంచి బట్టతో మొదలెట్టకుండా చవక ముక్కతో కుట్టి చూడటం నయం. అది సరిపోయాక చేసిన మార్పులన్నీ కాగితం నమూనా మీద గీసి, ఎవరిదో పేరూ, తేదీ రాసి చుట్టి పెట్టుకోవాలి. ఎదిగే పిల్లలదైతే ఆరు నెలలకోసారి పొడవు సరిచూడాలి. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలు పారేయొద్దు. సూదో దారమో మార్చినప్పుడు నాలుగు కుట్లు వేసి, లాగి చూసుకోవడానికి అవే పనికొస్తాయి.